తిరుపతి నగర కేంద్రములో బహుళ అంతస్తుల నిర్మాణము

గోవిందరాజస్వామి ఆలయము, రైల్వే స్టేషను, ఆర్టీసీ బస్సు స్టాండుల చుట్టూ విస్తరించిన ప్రాంతమును తిరుపతి నగర కేంద్రముగా పరిగణిస్తారు. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల నుండి ఈ ప్రాంతములో పెంకుటిండ్లు, మిద్దెలు, సత్రాలు తొలగి వాటి స్థానములో లాడ్జీలు, వాణిజ్య సముదాయాలు, అపార్టుమెంట్లు వచ్చినవి. అయితే హైదరాబాదు, చెన్నై వంటి మహానగరాల కేంద్రాలలో కనిపించే ఆకాశహర్మ్యాలు ఇక్కడ లేవు. నాలుగైదు అంతస్తుల భవనాలు గోడకు గోడ ఆనుకొని నిలబడుట తిరుపతి పద్ధతి. నిజముగా ఎత్తైన భవనాలు నగరపు అంచులకు తరలిపోగా, కేంద్రములో సాంద్రత మాత్రము పెరిగినది. ఇందుకు పాత వీధుల వెడల్పు, భవన నియమాలు, యాత్రికుల రాకపోకలు ముఖ్య కారణాలు.

పాత పట్టణపు రూపము

తిరుమల కొండ పాదమున గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, ఆలయము చుట్టూ వీధులు ఏర్పరచి, అర్చకులను, పరిచారకులను నివసింపజేసినది రామానుజాచార్యులని సంప్రదాయము. ఇది 1130లో జరిగినదని చెప్పుదురు. ఈ లెక్క ప్రకారము 2022 ఫిబ్రవరి 24న నగర ఆవిర్భావ దినోత్సవమును కూడా జరిపారు. ఆలయము, దాని చుట్టూ మాడ వీధులు, తేరు నిలిచే చోటు, సన్నిధి వీధి, తీర్థకట్ట వీధి అన్నవి ఆనాటి పట్టణ రచన. తేరు తిరుగుటకు మాడ వీధులు కొంత వెడల్పుగా ఉండగా, వాటి నుండి చీలిన సందులు మనుషులు, ఎద్దుబండ్లు నడుచుటకే సరిపోయేవి. ఇండ్లు ఒకదానికొకటి ఉమ్మడి గోడతో, వీధి వైపు కురుచగా, లోపలికి పొడవుగా ఉండేవి.

శతాబ్దాల పాటు పట్టణములో అన్నింటికంటె ఎత్తైన కట్టడము గోవిందరాజస్వామి ఆలయపు ఏడు అంతస్తుల గాలిగోపురము. 17వ శతాబ్దములో మట్లి వంశపు పాలకులు కట్టించిన ఈ గోపురము ఎత్తు సుమారు 50 మీటర్లు. రైలులో వచ్చిన యాత్రికునికి మొదట కనిపించేది ఈ గోపురమే, దాని వెనుక శేషాచలము. నేడు స్టేషను ఎదుటి భవనాల వరుస ఈ దృశ్యమును చాలా భాగము కప్పివేసినది.

1886లో తిరుపతి పురపాలక సంఘముగా ఏర్పడినది. 1891లో మీటరు గేజి రైలు మార్గము వచ్చినది. ఆ కాలములో ఇది ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచే వరకు యాత్రికులు కాలినడకన గాని, డోలీలలో గాని కొండ ఎక్కవలసి ఉండేది. కనుక ఎక్కేముందు ఒక రాత్రి, దిగిన తరువాత ఒక రాత్రి పట్టణములో గడుపుట సాధారణము. సత్రాలు, పూటకూళ్ళ ఇండ్లు ఆ అవసరము కొరకు పుట్టినవే. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చిన తరువాత కొండ మీదికి గంటలోపే చేరుట సాధ్యమైనది. ఇక పట్టణములో బస తగ్గవలసినదే కాని అట్లు జరుగలేదు. యాత్రికుల సంఖ్య ప్రయాణ సమయము తగ్గినదానికంటె వేగముగా పెరిగినది.

జనాభా

1901 జనాభా లెక్కల ప్రకారము తిరుపతి పట్టణ జనాభా 15,485. 2011లో నగరపాలక సంస్థ పరిధిలోని జనాభా 2,87,035. అనగా నూట పది సంవత్సరాలలో పద్దెనిమిది రెట్లకు పైగా పెరిగినది. జిల్లా కేంద్రమైన చిత్తూరు జనాభా 2011లో లక్షన్నర మాత్రమే. జిల్లా కచేరీలన్నీ చిత్తూరులో ఉండగా జనము తిరుపతిలో చేరుట ఒక విశేషము. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కేంద్రముగా ప్రత్యేక జిల్లా ఏర్పడినది.

ఈ పెరుగుదల యాత్రల వలన మాత్రమే వచ్చినది కాదు. 1933లో దేవాలయ నిర్వహణ హాథీరాంజీ మఠము మహంతుల నుండి తిరుమల తిరుపతి దేవస్థానముల పాలక మండలికి మారిన తరువాత, దేవస్థానము ఆదాయముతో విద్యా సంస్థలు, వైద్యశాలలు వెలిసినవి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1960లో వైద్య కళాశాల, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము, 1993లో స్విమ్స్ ఆసుపత్రి ప్రారంభమైనవి. కడప, అనంతపురము, నెల్లూరు జిల్లాల నుండి చదువులకు, వైద్యమునకు వచ్చినవారిలో అనేకులు ఇక్కడ స్థిరపడినారు. తిరుమలలో సన్నిధి వీధి పరిసరాల నివాసులను బృహత్ ప్రణాళికలో భాగముగా కొండ దింపినప్పుడు వారికి కూడా తిరుపతిలోనే స్థలాలు చూపవలసి వచ్చినది.

నగరము నలుదిక్కులా పెరుగుటకు వీలు లేదు. ఉత్తరమున శేషాచలము కొండలు, రక్షిత అటవీ భూములు, 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము గోడవలె నిలిచినవి. కొండకు, పట్టణమునకు నడుమ ఉన్న విశాల స్థలాలలో చాలా భాగము విశ్వవిద్యాలయము, దేవస్థానము, ఇతర సంస్థల ఆధీనములో ఉన్నది. దక్షిణమున స్వర్ణముఖి నది. అందువలన ఊరు తూర్పున రేణిగుంట వైపు, పడమర చంద్రగిరి వైపు పొడవుగా సాగినది. 2011 నాటికి నగరపాలక సంస్థ విస్తీర్ణము సుమారు 27 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు పదివేల మందికి పైగా నివసించారు. అదే లెక్కలలో తిరుచానూరు, అవిలాల, మంగళం, అక్కారంపల్లె, పేరూరు వంటి ఊళ్ళను కలుపుకొన్న పట్టణ సముదాయపు జనాభా సుమారు 4 లక్షల 60 వేలు. అంటే ప్రతి అయిదుగురు తిరుపతి వాసులలో దాదాపు ఇద్దరు నగరపాలక సంస్థ సరిహద్దు వెలుపల, పంచాయతీలలో ఉన్నారన్నమాట. ఊరి పేరు అడిగితే మాత్రము అందరూ తిరుపతి అనే చెప్తారు.

పై సంఖ్యలలో యాత్రికులు లేరు. జనాభా లెక్కలలో ఎవరి ఇంటి దగ్గర వారు నమోదగుదురు. తిరుమలలో దర్శనము చేసుకొనేవారు రోజుకు సగటున 60 నుండి 80 వేల మంది. ఏడాదికి రెండున్నర కోట్లు. వీరిలో అత్యధికులు వచ్చేటప్పుడో, పోయేటప్పుడో నగర కేంద్రము గుండా వెళ్ళక తప్పదు. ఇక్కడి మంచినీరు, మురుగు కాలువలు, చెత్త బండ్లు లెక్కలలోని జనమునకే గాక, లెక్కకు రాని ఈ జనమునకు కూడా సరిపోవలసి ఉన్నది.

ఎత్తుకు వీధి వెడల్పే కొలత

భారత జాతీయ భవన స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన కట్టడమును ఎత్తైన భవనముగా పరిగణిస్తుంది. ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు 18 మీటర్లను హద్దుగా పెట్టుకొన్నవి. 2006లో మొదట హైదరాబాదు ప్రాంతమునకు వచ్చిన నియమాలు ఒక పెద్ద మార్పు తెచ్చినవి. స్థలము వైశాల్యమునకు ఇన్ని రెట్లు మాత్రమే కట్టవలెనన్న పరిమితి, అనగా ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్, తొలగిపోయినది. దాని బదులు ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదానిని బట్టి ఎత్తును నిర్ణయించారు. రాష్ట్రమంతటికీ వర్తించిన 2012 నాటి నియమాలు కూడా ఈ పద్ధతినే అనుసరించినవి. వాటి ప్రకారము 18 మీటర్లు దాటిన భవనమునకు కనీసము 2,000 చదరపు మీటర్ల స్థలము, 12 మీటర్ల రోడ్డు, నాలుగు వైపులా కనీసము 7 మీటర్ల ఖాళీ ఉండవలెను. ఎత్తు పెరిగిన కొద్దీ రోడ్డు 18 మీటర్లు, 24 మీటర్లుగా, ఖాళీ స్థలము అందుకు తగినట్లుగా పెరుగును.

విశాలమైన కొత్త రోడ్లు ఉన్న చోట ఈ నియమము ఆకాశమునకు తలుపు తెరిచినట్లే. పాత తిరుపతిలో ఇది తాళము వేసినట్లు పనిచేసినది. ఇక్కడ స్థలాలను అంకణాలలో లెక్కిస్తారు. తిరుపతి అంకణము 36 చదరపు అడుగులు. నెల్లూరులో అదే పేరుతో 72 చదరపు అడుగులు. పొరుగు జిల్లా నుండి వచ్చి స్థలము కొనేవారు తెలుసుకోవలసిన సంగతి ఇది. 2,000 చదరపు మీటర్లంటే తిరుపతి కొలతలో దాదాపు 600 అంకణాలు. మాడ వీధుల చుట్టుపక్కల ఇంత స్థలము ఒక్క చోట ఒక్కరి చేతిలో ఉండుట అరుదు. అన్నదమ్ముల పంపకాలలో పాత ఇండ్లు నిలువునా చీలిపోయి ఉన్నవి. ఒకవేళ 20 మీటర్ల వెడల్పు గల స్థలము దొరికినా, రెండు ప్రక్కలా 7 మీటర్లు వదిలితే కట్టుటకు మిగిలేది 6 మీటర్లే.

కనుక కేంద్రములో నిర్మాణదారులు 18 మీటర్ల హద్దుకు లోబడి కట్టుట మొదలుపెట్టారు. క్రింద వాహనాలకు స్తంభాల అంతస్తు, దానిపై అయిదు అంతస్తులు అన్నది రాష్ట్రములోని చాలా పట్టణాలలో వలెనే ఇక్కడ కూడా వాడుకలోకి వచ్చిన అచ్చు. ఇట్టి భవనాలకు వదలవలసిన ఖాళీ తక్కువ. అది కూడా వదలని భవనాలు, అనుమతికి మించి ఒక అంతస్తు ఎక్కువ వేసినవి, వాహనాల సెల్లారును దుకాణాలుగా మార్చినవి తక్కువేమీ కాదు. అట్టివాటిని అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించుటకు రాష్ట్ర ప్రభుత్వము 2007 చివరలోను, మళ్ళీ 2015లోను పథకాలు ప్రకటించినది. ఒకసారి రుసుము కట్టి బయటపడవచ్చునని తెలిసిన తరువాత నియమమునకు భయపడేవారు తగ్గుదురన్న విమర్శ ఈ పథకాల మీద రాష్ట్రమంతటా వచ్చినది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు స్థలము కోల్పోయిన యజమానికి డబ్బు బదులు బదలాయింపు హక్కుల బాండు, వాడుకలో టీడీఆర్ బాండు, ఇచ్చే పద్ధతి కూడా ఈ నియమాలలో ఉన్నది. బాండు గలవారు మరొక చోట అదనపు అంతస్తు వేసుకొనవచ్చును, లేదా దానిని బిల్డరుకు అమ్ముకొనవచ్చును. ఇరుకు వీధిలో పోయిన నేల ఈ విధముగా వేరొక చోట ఎత్తుగా మారుతుంది. 2021 తరువాత తిరుపతిలో మాస్టర్ ప్లాన్ రోడ్ల కొరకు ఇట్టి బాండ్లను జారీ చేశారు. వాటి విలువ కట్టుటలో అక్రమాలు జరిగినవని ఆరోపణలు వచ్చినవి.

లాడ్జీలు, సత్రాలు

నగర కేంద్రపు రూపమును మార్చినది నివాస గృహముల కంటె బస గృహములే. తిరుమలలో భూమి దేవస్థానమునకు చెందినది. అక్కడ ప్రైవేటు లాడ్జీ కట్టుటకు వీలు లేదు. దేవస్థానము గదులు ఏడు వేల పైచిలుకు. రోజుకు డెబ్బది వేల మంది వచ్చే కొండకు ఇవి చాలవు. మిగిలిన భారమంతా క్రిందికి దిగుతుంది. దేవస్థానము రైల్వే స్టేషను ఎదుట విష్ణు నివాసము, బస్సు స్టాండు ఎదుట శ్రీనివాసము, అలిపిరి వద్ద భూదేవి సముదాయము నిర్మించినది. సమయ నిర్దేశిత సర్వదర్శనము టోకెన్ల జారీకి కూడా ఇవే కేంద్రాలైనవి.

దర్శన విధానములో వచ్చే చిన్న మార్పు కూడా ఇక్కడి గదుల గిరాకీని కదిలిస్తుంది. 2022 నవంబరు 1 నుండి సర్వదర్శనము టోకెన్లను తిరిగి తిరుపతిలో ఇచ్చుట మొదలుపెట్టారు. అదే ఏడాది డిసెంబరు 1 నుండి ప్రముఖుల బ్రేక్ దర్శనమును ఉదయము 8 గంటలకు మార్చారు. భక్తులు తిరుపతిలో బస చేసి తెల్లవారిన తరువాత కొండకు రావచ్చునని, కొండ మీద గదుల మీద ఒత్తిడి తగ్గుతుందని దేవస్థానము చెప్పిన కారణము. ఒత్తిడి తగ్గుట అంటే అది స్టేషను చుట్టుపక్కల వీధులకు బదిలీ అగుట.

ప్రైవేటు లాడ్జీలకు ఈ పరిస్థితిలో స్టేషనుకు, బస్సు స్టాండుకు నడిచిపోగలిగిన ప్రతి అంకణము విలువైనదైనది. తాతల నాటి ఇల్లు ఉన్న కుటుంబము దానిలో నివసించుట కంటె కూల్చి గదులు కట్టి అద్దెకిచ్చుట, తాము బైరాగిపట్టెడకో, పద్మావతీపురమునకో, ఇంకా దూరమునకో మారుట లాభసాటి అయినది. దీనివలన పాత వీధులలో అంతస్తులు పెరిగినవి కాని అక్కడ స్థిరముగా ఉండే కుటుంబాలు పెరగలేదు. రాత్రివేళ ఒక్కొక్క భవనములో వందమంది నిద్రించినా వారిలో ఓటరు జాబితాలో ఉన్నవారు నలుగురైదుగురు కూడా ఉండకపోవచ్చును. తేరు లాగే రోజున మాత్రము పాత కుటుంబాలవారు వీధికి తిరిగి వస్తారు.

స్టేషనుకు రెండవ వైపున ఉన్న దేవస్థానము వారి పాత గోవిందరాజస్వామి సత్రాలను తొలగించి, వాటి స్థానములో అచ్యుతము, శ్రీపథము అనే పేర్లతో బహుళ అంతస్తుల వసతి భవనాలు కట్టవలెనని 2023లో నిర్ణయించారు. పాతవాటిని బాగుచేస్తే సరిపోదా అన్న వాదన అప్పుడు బలముగానే వినిపించినది. రైల్వే స్టేషను పునర్నిర్మాణము 2022లో ప్రారంభమైనది. దీనితోపాటు తిరుచానూరు స్టేషనును కూడా కొన్ని రైళ్ళ కొరకు అభివృద్ధి పరచారు.

జనము ఒకే చోట చేరుట వలన వచ్చే ప్రమాదము 2025 జనవరి 8న బయటపడినది. వైకుంఠ ద్వార దర్శనము టోకెన్ల కొరకు నగరములోని కేంద్రాల వద్ద భక్తులు గుమిగూడగా, ప్రధానముగా బైరాగిపట్టెడ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు మరణించినారు.

అంచులకు తరలిన ఎత్తు

పెద్ద స్థలాలు, వెడల్పాటి రోడ్లు ఉన్న తిరుచానూరు రోడ్డు, కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు, తిరుమల బైపాస్ రోడ్డుల వెంబడి నక్షత్ర హోటళ్ళు, పెద్ద అపార్టుమెంట్లు, ఆసుపత్రులు వచ్చినవి. తూర్పు వైపు రేణిగుంట విమానాశ్రయము ఉన్నందున ఎత్తు మీద మరొక అదుపు కూడా ఉన్నది. విమాన మార్గపు పరిధిలో నిర్ణీత ఎత్తు దాటితే విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రము కావలెను. పేదల కొరకు టిడ్కో సంస్థ కట్టిన అపార్టుమెంట్లలో కొన్ని రేణిగుంట దాటిన తరువాత, ఏర్పేడు మండలములోని వికృతమాల వద్ద ఉన్నవి. లాడ్జీలలో గదులు ఊడ్చేవారు, ఆటోలు నడిపేవారు, పూలు అమ్మేవారు పని కొరకు ప్రతిదినము అక్కడి నుండి నగర కేంద్రమునకు రావలెను. అద్దెలు భరించలేక దూరము వెళ్ళినవారికి బస్సు ఛార్జీ రెండవ అద్దె అయినది.

అంచులకు, కేంద్రమునకు నడుమ రాకపోకల కొరకు స్మార్ట్ సిటీ పథకము క్రింద తిరుచానూరు వైపు నుండి కపిలతీర్థము వరకు సుమారు ఏడు కిలోమీటర్ల వంతెన కట్టారు. దీని తొలి పేరు గరుడ వారధి. తరువాత శ్రీనివాస సేతు అన్నారు. ఖర్చులో పెద్ద భాగము దేవస్థానము భరించినది. 2023 సెప్టెంబరు 18న ఇది పూర్తిగా ప్రారంభమైనది. కొండకు వెళ్ళే వాహనాలు కేంద్రపు కూడళ్ళలో ఆగకుండా పైనుండి పోవుట దీని ప్రయోజనము. వంతెన క్రింది దుకాణదారులకు మాత్రము ఆగే వాహనమే బేరము.

నీరు, నిప్పు

కొర్లగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట వంటి పేర్లలోనే ఒకప్పటి నీటి గుంటలు కనిపిస్తాయి. కొండ మీద కురిసిన వాన కపిలతీర్థము, ఇతర వాగుల ద్వారా దిగి ఇట్టి గుంటలను, చెరువులను నింపి స్వర్ణముఖికి చేరేది. కాలక్రమములో అనేక గుంటలు, కాలువ గట్లు ఇండ్ల స్థలాలైనవి. 2021 నవంబరు 18, 19 తేదీలలో కుండపోత వర్షము కురిసినప్పుడు నీరు తన పాత త్రోవనే వెదుకుకొన్నది. ఘాట్ రోడ్లు వాగులైనవి, కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి, స్తంభాల అంతస్తులలో నిలిపిన వాహనాలు మునిగినవి. నగరమునకు త్రాగునీరు 1977లో కట్టిన కళ్యాణి డ్యాము నుండి, తెలుగుగంగ నుండి వచ్చును.

అగ్నిమాపక విషయములో కూడా ఎత్తు హద్దులకు ప్రాముఖ్యము ఉన్నది. 1999 నాటి రాష్ట్ర అగ్నిమాపక చట్టము ప్రకారము 18 మీటర్లు దాటిన నివాస భవనములకు, 15 మీటర్లు, ఆపైన ఉన్న వాణిజ్య భవనములకు నిరభ్యంతర పత్రము కావలెను. దానికి కొంచెము లోబడిన భవనము కాగితము మీద ఎత్తైనది కాదు. ఇరుకు సందులో నిప్పంటుకొన్నప్పుడు ఆ తేడా ఏమీ ఉండదు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి ఆలయము సమీపములోని పటముల దుకాణపు భవనములో పెద్ద అగ్నిప్రమాదము జరిగి, మంటలు అంతస్తుల మీదికి ప్రాకినవి. ఆలయపు తేరు కూడా అక్కడికి దగ్గరలోనే ఉండుట వలన భక్తులలో ఆందోళన కలిగినది. తేరుకు ఏమీ కాలేదు.

పరిపాలన

నిర్మాణ ప్రణాళిక బాధ్యత 1981లో ఏర్పడిన తిరుపతి నగరాభివృద్ధి సంస్థకు, అనుమతుల బాధ్యత నగర పరిధిలో నగరపాలక సంస్థకు, అనేక ముఖ్య స్థలాల యాజమాన్యము దేవస్థానమునకు ఉన్నవి. 2007 మార్చిలో పురపాలక సంఘము నగరపాలక సంస్థగా మారినది. అయితే దాని మొదటి ఎన్నికలు 2021 మార్చిలో గాని జరుగలేదు. నడుమ పద్నాలుగు సంవత్సరాలు ప్రత్యేకాధికారుల పాలన నడిచినది. కేంద్రపు వీధులు నేటి రూపము దాల్చినది చాలావరకు ఆ కాలములోనే. అప్పుడు తన వీధిలో లేస్తున్న అంతస్తు గురించి అడుగుటకు పౌరునికి కార్పొరేటరు లేడు. 2021లో 50 డివిజన్లతో పాలకవర్గము ఏర్పడినది.

చుట్టుపక్కల పంచాయతీలను కలిపి బృహత్ తిరుపతిగా చేయవలెనన్న ప్రతిపాదన చాలాకాలముగా ఉన్నది. 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదాపడి, తదుపరి లెక్కలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నిర్ణయమైనది. పాత వీధులలో ఎన్ని ఇండ్లు నివాసముగా మిగిలినవి, ఎన్ని బస గృహాలైనవి అన్నది ఆ లెక్కలలో తేలవలసి ఉన్నది.